రాత్రి 9 తర్వాత అడవి ఎవరిది?



పత్తి తీతలు ఒక కొలిక్కి వచ్చి, మిరప కోతలు ఊపందుకోకముందు మన పల్లెలకు నాలుగు రోజులు తీరిక దొరుకుతుంది. క్రిస్మస్, కొత్త సంవత్సరం కూడా అప్పుడే. యవ్వనస్థులు తలా కొంత వేసుకుని వ్యాన్ మాట్లాడుకుంటారు. చలి, పొగమంచు, కొండలు చూడాలంటే మనకు దగ్గర నల్లమలే. గుంటూరు వైపువాళ్లు వినుకొండ మీదుగా, ఒంగోలు వైపువాళ్లు మార్కాపురం మీదుగా దోర్నాల చేరి, అక్కడ ఘాట్ ఎక్కి శ్రీశైలం డ్యాం దాకా వెళ్తారు. వెళ్లండి. ఏడాదంతా సాళ్లలో వంగిన నడుములు ఒక్కరోజు కొండలవైపు తలెత్తి చూడటం మంచిదే.

అయితే ఏటా ఒక గొణుగుడు వింటున్నాం. దోర్నాల దగ్గర గేటు రాత్రి 9 గంటలకు వేస్తారు, మళ్లీ ఉదయం 6కే తీస్తారు. "రాత్రికి రాత్రి దాటితే ఒక రోజు కలిసొస్తుంది, ఎవరితోనైనా చెప్పించండి అయ్యగారూ" అని అడిగేవాళ్లు ఉన్నారు. మేము చెప్పించం. కారణం ఇది.

ఆ రోడ్డు నాగార్జునసాగర్–శ్రీశైలం పులుల అభయారణ్యం గుండా పోతుంది. 1983లో అది ప్రాజెక్ట్ టైగర్‌లో చేరింది. రాష్ట్ర విభజన తర్వాత తెలంగాణ భాగం అమ్రాబాద్ పేరుతో వేరైంది. పులి, చిరుతపులి, ఎలుగుబంటి ఎక్కువగా తిరిగేది చీకటిలోనే. హెడ్‌లైటు కళ్లలో పడితే దుప్పి పరుగెత్తదు, ఉన్నచోటే నిలబడిపోతుంది. ఆ మలుపుల్లో బ్రేకు పడేలోపే అంతా అయిపోతుంది. దాని ప్రాణంతోపాటు మన పిల్లల ప్రాణాలకూ ముప్పే.

104వ కీర్తన చదవండి. చీకటి చేసినవాడు దేవుడే అనీ, అది అడవి మృగాలు బయటికి వచ్చి ఆహారం వెతుక్కునే వేళ అనీ కీర్తనకారుడు చెబుతాడు. పొద్దు పొడవగానే అవి తమ గుహలకు చేరతాయి, అప్పుడు మనిషి పనికి బయలుదేరి సాయంత్రం దాకా పాటుపడతాడు. మనకు పగలు, వాటికి రాత్రి. ఈ పంపకం చేసింది అటవీ శాఖ కాదు. గేటు దగ్గరి గార్డు తెలిసో తెలియకో ఆ గట్టునే కాపలా కాస్తున్నాడు. పొరుగువాడి గట్టు జరపకూడదని పొలంలో తెలిసిన మనకు, అడవిలో మాత్రం ఎందుకు తెలియకూడదు?

పైగా ఆ కొండలతో మనకు ఇచ్చిపుచ్చుకోవడం ఉంది. గుండ్లకమ్మ నల్లమలలోనే పుట్టి, కంభం చెరువు నింపి, ప్రకాశం పొలాల మీదుగా సముద్రానికి పోతుంది. కొండమీద చెట్టు నిలిస్తేనే వానినీరు నేలలోకి ఇంకి, నెమ్మదిగా వాగుల్లోకి దిగుతుంది.

"ఒక్కరోజు కూలి పోతే ఇల్లు గడవదు, అయ్యగారూ" అనే మాట నిజం. దాన్ని తేలిగ్గా తీసుకోవడం లేదు. అందుకే ఒక మాట. మధ్యాహ్నం బయలుదేరి, పొద్దుగూకేసరికి మార్కాపురమో దోర్నాలో చేరండి. అక్కడి సంఘాలను ముందుగా అడిగితే మందిరంలో చాపలు పరుచుకోవడానికి చోటిస్తారు. తెల్లవారి 6కి గేటు దాటితే, మంచు విడిచే వేళ అడవిని చూసే భాగ్యం మీదే. తిరుగు ప్రయాణంలో పొద్దు ఉండగానే కొండ దిగండి. గేటు వేసేలోపు చేరాలని ఘాట్‌లో తరిమి తోలడం అన్నిటికన్నా ప్రమాదం.

సౌండ్ బాక్సులు ఇంట్లోనే ఉంచండి. అడవిలో పాట మెల్లగా పాడినా దేవుడు వింటాడు. కోతులకు బిస్కెట్లు వేయకండి, అవి రోడ్డుకు అలవాటుపడి బండ్ల కింద పడతాయి. నీళ్ల సీసాలు, ప్లేట్లు సంచిలో వేసుకుని తిరిగి తెచ్చుకోండి. చెంచుగూడెం కనబడితే మనుషులుగా పలకరించండి. దుప్పటి ఇస్తే ఫోటో లేకుండా ఇవ్వండి.

సంఘ పెద్దలు ఈ సంగతులు వ్యాన్ మాట్లాడుకునే ముందే యవ్వనస్థులతో కూర్చుని చెప్పాలని కోరుతున్నాం. ప్రభువు మీ రాకపోకలను కాచి కాపాడును గాక. ఆమేన్.