అటకమీది తాత తుపాకి



మొన్న మన సభ్యుడొకరు బాగలూరు సంతలో కలిసి, పక్కకు పిలిచి మెల్లగా అడిగారు: "తాత పేరున లైసెన్సున్న మందు దట్టించే తుపాకి మా అటకమీద ఉంది. తాత పోయి మూడేళ్లయింది. ఇప్పుడేం చేయాల?"

ఇట్లాంటి ఇళ్లు మన పల్లెల్లో ఇంకా ఉంటాయి కాబట్టి అందరికీ కలిపే చెప్తున్నాము. లైసెన్సు మనిషికిచ్చేది, ఇంటికి కాదు. పెద్దాయనతోనే అది పోయింది. 1959 ఆయుధాల చట్టం ప్రకారం వారసులు ఆలస్యం చేయకుండా తుపాకిని పోలీస్ స్టేషన్‌లోనో, లైసెన్సున్న ఆయుధాల దుకాణంలోనో అప్పజెప్పాలి. కావాలనుకుంటే ఆ తర్వాత తమ పేరున లైసెన్సు అడగవచ్చు. 2019 సవరణ తర్వాత లైసెన్సు లేకుండా తుపాకి పెట్టుకున్నందుకు శిక్ష 2 నుంచి 5 ఏళ్ల జైలు. తాత గుర్తు అని దాచుకున్నది మనవడిని జైలుకు పంపగలదు.

మరి జనం ఎందుకు పోరు? భయం ఒకటి, కాగితాలు ఒకటి. దరఖాస్తులు తమిళంలోనో ఇంగ్లీషులోనో ఉంటాయి. ఇంట్లో తెలుగు మాట్లాడే ముసలి రైతు అక్కడే ఆగిపోతాడు. దాని పైన పన్నులు.

పన్నుల సంగతిలో మన తాలూకాకు ఒక చరిత్ర ఉంది. మన తొరపల్లిలో పుట్టిన రాజాజీ మద్రాసు ప్రధానిగా 1937లో మద్యనిషేధం మొదలుపెట్టింది అప్పటి మన సేలం జిల్లాలోనే. కల్లు, సారా మీద పోయిన రాబడి పూడ్చడానికి 1939లో అమ్మకపు పన్ను తెచ్చారు. అది 2007లో తమిళనాట వ్యాట్ అయింది, 2017లో జీఎస్టీ అయింది. ఒకే దేశం ఒకే పన్ను అన్నారు. ఇప్పుడు చూడండి: రివాల్వరు, పిస్తోలు మీద 2025 సెప్టెంబరు నుంచి 40 శాతం. పంట కాపలాకు వాడే పొడుగు తుపాకికి, తూటాలకు 18 శాతం. అదే రైతు కొనే ట్రాక్టరుకు 5 శాతం. వ్యాపారి తాను కట్టిన జీఎస్టీని లెక్కలో తిరిగి సర్దుకుంటాడు. జీఎస్టీ నంబరు లేని రైతు మొత్తం తానే మోస్తాడు. లైసెన్సు ఫీజు వేరే.

పిస్తోలు మీద 40 వేసినందుకు మాకు బాధ లేదు. తుపాకులు చవక కావాలని కూడా మేము అడగము. అడవిపంది రాగి చేనును ఒక్క రాత్రిలో నేలమట్టం చేస్తే ఆ రైతు కడుపుమంట మాకు తెలుసు. జవళగిరి, దెంకణికోట అడవుల ఏనుగులు శానమావు దాకా వస్తున్నదీ తెలుసు. కానీ ఏనుగును కాల్చడం నేరం, పాపం కూడా. గురి తప్పిన నాటు తుపాకికి పక్క చేనులో కాపలా ఉన్న మనిషే బలి కావచ్చు.

మా కోపమల్లా ఒక్కదాని మీదే. చట్టప్రకారం పోయేవాడికి ఫారం, ఫీజు, పన్ను, ఎన్నికలొస్తే స్టేషన్‌లో అప్పగింత. దొంగచాటుగా నాటు తుపాకి చేయించుకునేవాడికి ఫారమూ లేదు, పన్నూ లేదు. నిజాయితీ దారి ఇంత కష్టమైతే మనుషులు అడ్డదారి పడతారు. పంట కాపలా తుపాకిని పన్ను లెక్కలో వేటగాడి తుపాకితో కలిపి చూడకుండా వ్యవసాయ పనిముట్ల వైపు చేర్చాలి. దరఖాస్తు తెలుగులోనూ దొరకాలి.

ఈ రెండూ కోరుతూ అర్జీ రాస్తాము, సంతకాలు పెట్టండి. ప్రభుత్వం వినేలోపు మన పని మనం చేద్దాము. అటకమీద ఏదైనా ఉన్నవాళ్లు పాత లైసెన్సు, మరణ ధృవీకరణ పత్రం, ఆధార్ తీసుకుని మా దగ్గరికి రండి. తుపాకి మాత్రం తేవద్దు. ఫారం మేము నింపిస్తాము, స్టేషన్‌కు తోడుగా మేమూ వస్తాము. సిగ్గుపడే పని కాదిది. తాత పేరు చెడకుండా కాపాడే పని.