గుమ్మం మారింది... పనిముట్టు ఆగింది!

2013 జులై 1. 'మైన్‌క్రాఫ్ట్' అభిమానులకు ఆరోజు పండగే. ఆ కంప్యూటర్ ఆటలో 1.6.1 అనే కొత్త వెర్షన్ విడుదలైంది. అందులో గుర్రాలొచ్చాయి, ఎక్కి స్వారీ చేయొచ్చు. ఆడేవాళ్లంతా గుర్రాల వెంటపడితే, ఆటలో ఊళ్లూ కోటలూ కట్టేవాళ్లకు మాత్రం వేరే గొడవ మొదలైంది. గుర్రాలతోపాటు ఆటను తెరిచే 'లాంచర్' కూడా మారింది మరి! దాంతో రెండు మూడేళ్లుగా నమ్ముకున్న పనిముట్లు కొన్ని 'ఆట ఎక్కడా కనిపించడం లేదు' అంటూ చేతులెత్తేశాయి.

ఆట సంగతి తెలియనివాళ్లకు రెండు ముక్కలు. స్వీడన్‌కి చెందిన మోజాంగ్ సంస్థ దీన్ని తయారుచేసింది. 2014లో మైక్రోసాఫ్ట్ 250 కోట్ల డాలర్లిచ్చి ఆ సంస్థనే కొనేసింది. 2023 నాటికి 30 కోట్లకు పైగా కాపీలు అమ్ముడయ్యాయి. ఆటంతా బ్లాకులే. మట్టి, రాయి, నీళ్లు, చెట్టు... ఏదైనా ఒక చదరపు బ్లాకే. తవ్వుకోవడం, పేర్చుకోవడం. ఇల్లు కడితే ఇల్లు, ఊరు కడితే ఊరు. బ్రిటన్‌లో సర్కారీ మ్యాపులు గీసే ఆర్డ్‌నెన్స్ సర్వే సంస్థ 2013లో తన మ్యాపుల ఆధారంగా గ్రేట్ బ్రిటన్ మొత్తాన్నీ 2,200 కోట్ల బ్లాకులతో ఇందులోకి దింపేసింది!

అంత పని చేత్తో ఒక్కో బ్లాకూ పెడుతూ అవుతుందా? ఓ మోస్తరు కోటకే నెలలు పడుతుంది. అందుకే అభిమానుల్లోనే ప్రోగ్రామింగ్ తెలిసిన కొందరు సొంతంగా పనిముట్లు తయారుచేసి ఉచితంగా పంచారు. 'ఎంసీ ఎడిట్'తో అయితే కట్టిన బురుజుని కాపీ కొట్టి నాలుగు మూలలా అతికించొచ్చు. 'వరల్డ్ పెయింటర్'లో కుంచెతో గీసినట్టే కొండలూ నదులూ గీయొచ్చు. ఇక 'అమిడ్‌స్ట్' ముందే లోకం మ్యాపు చూపిస్తుంది. ఎక్కడ ఎడారి ఉంది, ఎక్కడ సముద్రం ఉంది, ఏ మూల ఊరుంది అన్నది చూసుకుని స్థలం ఎంచుకోవచ్చన్నమాట.

లాంచర్ మారితే వీటికేమైంది? అమిడ్‌స్ట్‌నే చూద్దాం. మైన్‌క్రాఫ్ట్‌లో ప్రతి లోకానికీ 'సీడ్' అని ఓ అంకె ఉంటుంది. ఒకే వెర్షన్‌లో ఒకే అంకె ఇస్తే ఒకే లోకం మొలుస్తుంది. ఆ అంకెలోంచి కొండలూ లోయలూ ఎలా పుడతాయో అమిడ్‌స్ట్‌కి సొంతంగా తెలియదు. అది చేసేది గడుసు పని. మీ కంప్యూటర్లో ఉన్న ఆట ప్రోగ్రామునే తెరిచి, దాని చేతే లెక్క చేయించుకుని, వచ్చిన జవాబుని మ్యాపుగా గీస్తుంది. అంటే ఆట ఫైలు ఫలానా చోట ఉంటుందని దానికి తెలియాలి. 1.6కి ముందు ఆ చిరునామా ఒక్కటే. 'బిన్' అనే ఫోల్డరు, అందులో 'మైన్‌క్రాఫ్ట్.జార్' అనే ఫైలు. కొత్త లాంచర్ ఆ ఫోల్డరుని పక్కనపెట్టింది. 'వెర్షన్స్' అని కొత్తది తెరిచి, ఒక్కో వెర్షన్‌నీ ఒక్కో గదిలో సర్దింది. పాత చిరునామాకి వెళ్లిన పనిముట్టుకి ఇల్లు ఖాళీ!

మోడ్లు వేసుకునేవాళ్ల తిప్పలు ఇంకో రకం. వాళ్లు ఆ జార్ ఫైలుని విప్పి, తమ ఫైళ్లు కుక్కి, మళ్లీ మూసేవారు. కొత్త లాంచర్ అది గమనిస్తే ఊరుకోదు. ఫైలు మారిందని తేల్చి అసలుదాన్ని మళ్లీ దింపేస్తుంది. రాత్రంతా కూర్చుని చేసిన మార్పులు పొద్దున్నకి హుష్‌కాకి!

తప్పెవరిది? మోజాంగ్‌ని పూర్తిగా తిట్టడానికి లేదు. పెరటి తలుపు తీసి ఉంది కదా అని అందరూ అటే వచ్చి వెళ్లారు తప్ప, 'ఈ తలుపు ఎప్పటికీ ఉంటుంది' అని ఇంటివాళ్లు మాటివ్వలేదు. పైగా 2013 ఏప్రిల్‌లోనే పరీక్ష వెర్షన్లతోపాటు కొత్త లాంచర్‌ని బయటపెట్టారు కూడా. ఇంకో మేలూ జరిగింది. పాత లాంచర్‌లో కొత్త వెర్షన్ వస్తే పాతది చెరిగిపోయేది. కొత్తదాంట్లో ఏ వెర్షన్ కావాలంటే అది ఎంచుకోవచ్చు. పనిముట్ల దారి మూసిన లాంచరే పాత ఆటల్ని బతికించింది!

మరి నష్టపోయిందెవరంటే, చేసినవాళ్లు వదిలేసి వెళ్లిన పనిముట్లని నమ్ముకున్నవాళ్లు. అమిడ్‌స్ట్‌ని చూసుకునే మనుషులున్నారు కాబట్టి కొత్త చిరునామా నేర్చుకుంది. కాలేజీ రోజుల్లో సరదాగా ఓ పనిముట్టు రాసి, ఉద్యోగంలో పడి మర్చిపోయినవాళ్ల సంగతేంటి? అలాంటివి ఎప్పుడు పోయాయో లెక్కపెట్టే నాథుడే లేడు. బతికున్నవాటికీ సుఖం లేదు. కొత్త లాంచర్ తన వెర్షన్ల జాబితాని ఓ ఫైల్లో రాసుకుంటే, పనిముట్లు దాన్ని చదవడం నేర్చాయి. తర్వాత మైక్రోసాఫ్ట్ స్టోర్ నుంచి వచ్చే లాంచర్ ఆ ఫైలు పేరే మార్చేసింది. మళ్లీ వెతుకులాట! జీతం లేని ఈ పనికి సెలవూ లేదు. ఆట మారినందుకు తిట్లు మాత్రం పనిముట్టు చేసినవాళ్లకే.

అసలు దెబ్బ 2018 జులైలో పడింది. ఈసారి లాంచర్ కాదు, లోకమే మారింది. అప్పటిదాకా బ్లాకులకు అంకెలుండేవి. ఉన్ని 35, ఎర్ర ఉన్ని 35:14. వెర్షన్ 1.13లో ఆ అంకెలు తీసేసి అన్నింటికీ పేర్లు పెట్టారు. ఎంసీ ఎడిట్ దాన్ని తట్టుకోలేకపోయింది. 1.12 దగ్గరే ఆగింది. 'అములెట్' అని మరో పనిముట్టు వచ్చి ఆ లోటు తీర్చేదాకా ఎదురుచూపులే. వరల్డ్ పెయింటర్ మాత్రం నిలదొక్కుకుంది.

సంస్థ వైఖరిలోనూ కాస్త మార్పొచ్చింది. బయటివాళ్లకు అర్థం కాకుండా కోడ్‌లోని పేర్లన్నింటినీ కలగాపులగం చేసి పంపేది ఒకప్పుడు. 2019లో ఆ పేర్ల తాళంచెవి విడుదల చేసింది. ఇక మీదట అసలు కలగాపులగమే చేయబోమని 2025లో ప్రకటించింది. ఆలస్యమైనా మంచి మాటే. అయితే 2013లో ఆగిపోయినవి దాంతో లేచి కూర్చోవు.

ఇంట్లో పాత కంప్యూటర్ ఉందా? అందులో పిల్లలు పదేళ్లకిందట కట్టిన ఊరేదైనా ఉందా? పాత మోజాంగ్ అకౌంటుని మైక్రోసాఫ్ట్‌కి మార్చుకునే గడువు 2023లోనే ముగిసింది. మార్చుకోనివాళ్లు ఆటని మళ్లీ కొనుక్కోవాల్సిందే. ఊరు మాత్రం 'సేవ్స్' అనే ఫోల్డర్లో భద్రంగానే ఉంటుంది. ఆ ఫోల్డరుని ముందు వేరే డిస్కులోకి కాపీ చేసుకోవాలి. లాంచర్‌లో అప్పటి వెర్షనే ఎంచుకుని తెరవాలి. తొందరపడి కొత్త వెర్షన్‌లో తెరిస్తే లోకం కొత్త పద్ధతిలోకి మారిపోతుంది. అక్కణ్నుంచి ఎంసీ ఎడిట్ దాన్ని చదవలేదు, వెనక్కి మార్చే బటనూ లేదు.