ఎవరి పారిస్? ఎవరి తెనాలి?

తెనాలిని ఆంధ్రా పారిస్ అంటారు. ఊరి మధ్యనించి మూడు కాలవలు పారతాయి గనక అన్నారట. నాటకాలు, పత్రికలు, పుస్తకాలు పుట్టిన గడ్డ గనక అన్నారట. కొడవటిగంటి కుటుంబరావు ఇక్కడివాడు, చక్రపాణి ఇక్కడివాడు అని సభ పెట్టిన ప్రతిసారీ వల్లిస్తారు. వల్లించుకోనీండి, మాకేం అభ్యంతరం లేదు. మేం అడిగేది ఒకటే. ఈ పారిస్‌కి బువ్వ పెట్టిందెవరు? ఈ పారిస్‌లో మాలపల్లె ఎక్కడ? మాదిగపల్లె ఎక్కడ?

ముందు నీళ్ళ సంగతి మాట్లాడుకుందాం. 1832-33లో డొక్కల కరువు గుంటూరు జిల్లాని ఎముకల దిబ్బ చేసింది. ఆ తర్వాత 1855లో బెజవాడ దగ్గర కృష్ణ మీద ఆనకట్ట పూర్తయింది. కాలవ నీళ్ళు తెనాలి, రేపల్లె దాకా వచ్చినయ్. నీళ్ళొచ్చిన భూమి బంగారం అయింది. ఆ బంగారం ఎవరి పట్టాల్లోకి పోయిందో ఊరు ఊరంతా తెలుసు. కాలవలో పూడిక తీసిందీ, గట్టు వేసిందీ, ఊడ్చిందీ, కోసిందీ, కుప్ప వేసిందీ, నూర్చిందీ మావోళ్ళు. ఊడ్పుల్లో నడుం వంచినోళ్ళు మా అమ్మలు, అక్కలు. మాగాణిలో వరి కోయకముందే మినుము చల్లిందీ, పసుపు తవ్వి ఉడకబెట్టి ఎండబోసిందీ, అరటి గెల భుజాన మోసిందీ వాళ్ళే. కళ్ళంలో ధాన్యం గాదెలోకి పోయింది. మాకు దక్కింది పరిగె.

ఆ గాదెలోంచే చదువులొచ్చినయ్. ఆ గాదెలోంచే నాటక సమాజాలకు చందాలొచ్చినయ్. రైసు మిల్లులొచ్చినయ్, సినిమా హాళ్ళొచ్చినయ్. సంస్కృతి అనేది ఆకాశంలోంచి ఊడిపడలేదు. మా వెన్ను మీంచి నడిచొచ్చింది. పారిస్ లెక్క రాసేవాళ్ళు ఈ పద్దు ఎందుకు రాయరు?

ఇక సంస్కరణ సంగతి. ఈ తెనాలిలోనే త్రిపురనేని రామస్వామి చౌదరి సూతాశ్రమం కట్టుకున్నాడు. పురాణాలను చీల్చి చెండాడాడు. ‘శంబుకవధ’ నాటకం రాశాడు. తపస్సు చేసిన నేరానికి శూద్రుడి తల నరికిన రాముడు దేవుడెట్లా అయ్యాడని నిలదీశాడు. ఆ ప్రశ్నకు మేం దణ్ణం పెడతాం. కానీ ఆ ప్రశ్న విని చప్పట్లు కొట్టినవాళ్ళను మేమూ ఒక ప్రశ్న అడుగుతున్నాం. బ్రాహ్మడి ముందు మీరు శంబుకులయ్యారు, బాగానే ఉంది. మరి మాలవాడు తల ఎత్తితే, మాదిగవాడు చదువుకుంటే, ఆ రాముడి కత్తి మీ చేతికెట్లా వచ్చింది? జంధ్యం లేని మనువు జంధ్యం ఉన్న మనువు కన్నా మెత్తనివాడా? కారంచేడు చెప్పింది, కాదని. చుండూరు చెప్పింది, కాదని.

1985 జూలై 17న కారంచేడులో ఆరుగురు మాదిగలను చంపారు. మంచినీళ్ళ చెరువు దగ్గర కుడితి బకెట్టు కడగొద్దన్నందుకు మొదలైంది. ఆ నెత్తుటిలోంచే దళిత మహాసభ పుట్టింది. ఆరేళ్ళు తిరిగేసరికి చుండూరు. చుండూరు తెనాలికి కూతవేటు దూరం. 1991 జూలైలో తెనాలి సినిమా హాల్లో ఒక చదువుకున్న దళిత యువకుడి కాలు ముందు సీట్లో ఉన్న అగ్రకులస్తుడికి తగిలిందట. అదీ నేరం! టిక్కెట్టుకి ఇద్దరూ ఒకటే డబ్బు ఇచ్చారు. తెర మీద బొమ్మ ఇద్దరికీ ఒకటే. కాలు మాత్రం ఒకటి కాదు.

కాలు తగిలినందుకు ఊళ్ళు కత్తులు నూరతాయా? నూరవు. ఇది కాలు గొడవ కాదు. చుండూరు దళితులు చదువుకున్నారు. కొందరికి రైల్వేలో పని దొరికింది. దొర పొలం మీద పడి బతకాల్సిన గతి కొంత తప్పింది. తెల్లచొక్కా వేసుకుని, చెప్పులేసుకుని, పట్నం పోయి సినిమా చూసొచ్చే కుర్రాడు భూస్వామి కంట్లో నలుసయ్యాడు. పాలేరు కొడుకు పాలేరు కాకుండా పోయాడు, అదీ అసలు మంట. ముందు పనుల్లోకి రానీకుండా సాంఘిక బహిష్కారం పెట్టారు. 1991 ఆగస్టు 6న పొలాల్లో, కాలవ గట్ల మీద వేటాడి ఎనిమిది మందిని నరికారు. శవాలను గోనెసంచుల్లో కుక్కి కాలవలో పడేశారు. పోలీసులే వాడకొచ్చి మగాళ్ళను పారిపొమ్మన్నారని, పారిపోయిన దోవలోనే కత్తులు కాచుక్కూచున్నాయని బాధితులు అప్పటినుంచీ చెబుతూనే ఉన్నారు.

ఏ కాలవ నీళ్ళతో ఈ సీమ పారిస్ అయిందో, ఆ కాలవల్లోనే మా శవాలు తేలాయి. ఇంతకంటే ఏం చెప్పాలి ఈ పట్నం గురించి?

“అది రెండు వర్గాల ఘర్షణ” అన్నారు పెద్దమనుషులు. ఘర్షణలో రెండు పక్కలా పోతారు గదా? శవాలన్నీ ఒక్క పల్లెవే ఎందుకయినయ్? “కుర్రాళ్ళ దుడుకుతనం” అన్నారు. గోనెసంచులు సిద్ధం చేసుకోవడం దుడుకుతనమా? “పాత గాయాలు కెలక్కండి” అంటున్నారు ఇప్పుడు. మానిన గాయాన్ని కెలికితే తప్పు. ఇది మానిందని చెప్పిన వైద్యుడెవరు?

చుండూరు దళితులు మాత్రం తల వంచలేదు. చచ్చినవాళ్ళను ఊరవతల శ్మశానానికి మొయ్యలేదు. ఊరి నడిబొడ్డున పాతిపెట్టి దానికి రక్తక్షేత్రం అని పేరు పెట్టారు. బతికుండగా ఊళ్ళోకి రానివ్వని వాళ్ళు చచ్చి ఊరి మధ్య నిలిచారు. సెప్టెంబరులో పోలీసు కాల్పుల్లో ఇంకో దళిత యువకుడు ఒరిగిపోయాడు. అయినా దారి మళ్ళలేదు. మాకు న్యాయం మా ఊళ్ళోనే జరగాలని పట్టుబట్టి ప్రత్యేక కోర్టును చుండూరుకే రప్పించుకున్నారు. నేరం జరిగిన చోటికే కోర్టు నడిచి రావడం చిన్న సంగతి కాదు. బొజ్జా తారకం వంటి న్యాయవాదులు ఆ పోరాటానికి అండగా నిలిచారు.

2007 జూలై 31న తీర్పొచ్చింది. 21 మందికి యావజ్జీవం, 35 మందికి ఏడాది జైలు. 123 మందిని వదిలేశారు. పదహారేళ్ళు ఎదురుచూస్తే దక్కిన సగం న్యాయం అది. ఆ సగం కూడా నిలవలేదు. 2014 ఏప్రిల్ 22న హైకోర్టు శిక్షపడిన వాళ్ళందరినీ నిర్దోషులని వదిలేసింది. ఎనిమిది మంది చచ్చారు, చంపినవాళ్ళు ఎవరూ లేరు! కత్తులు వాటంతటవే లేచాయా? సంచులు వాటంతటవే కట్టుకున్నాయా? అదే ఏడాది జూలైలో సుప్రీంకోర్టు ఆ తీర్పు మీద స్టే ఇచ్చింది. తీర్పు మీద స్టే ఇవ్వొచ్చు గానీ, మా విధవరాళ్ళ వయసు మీద స్టే ఇచ్చే కోర్టు లేదు. సాక్ష్యం చెప్పినవాళ్ళు ఒక్కొక్కరే మట్టిలో కలుస్తున్నారు. ఆలస్యం కూడా ఒక శిక్షే. అది పడేది మాకే.

2022లో జిల్లాలు చీల్చారు. తెనాలి గుంటూరులో ఉండిపోయింది, చుండూరు బాపట్లకు పోయింది. కాయితం మీద గీత గీసినంత మాత్రాన తెనాలి చేతులు కడుక్కోలేదు. 

కత్తి వేటు ఒక రకం. కౌలు వేటు ఇంకో రకం. అది రోజూ పడుతుంది. భూమిగలవాడు బెజవాడలోనో, హైదరాబాదులోనో, అమెరికాలోనో ఉంటాడు. దున్నేది కౌలుదారు. అందులో మాల మాదిగలు, వెనకబడిన కులాలవాళ్ళు ఎందరో. వాన ముంచినా, తెగులు తిన్నా కౌలు బస్తాలు కొలవాల్సిందే. పంట రుణం, నష్టపరిహారం మాత్రం పట్టా పేరున్నవాడి ఖాతాలో పడతాయి. 2011లో కౌలుదారుకి గుర్తింపు కార్డు ఇస్తామని చట్టం చేశారు. 2019లో ఇంకో చట్టం చేసి, యజమాని సంతకం ఉంటేనే కార్డు అన్నారు. మేక మెడ మీద తాడు తియ్యడానికి కసాయి సంతకం అడిగినట్టుంది ఇది. 1973 భూపరిమితి చట్టం ఈ డెల్టాలో ఎవరి గట్టు జరిపింది? బినామీ పేర్ల కింద దాక్కున్న ఎకరాలు ఎవరివి?

చదువుకుని ఉద్యోగాల్లో కుదురుకున్న మన తమ్ముళ్ళకీ ఒక మాట. ఆగస్టు 6న పూలదండ వేసి ఫోటో దిగి పోతే సరిపోదు. మీ పల్లెలో ప్రభుత్వం ఇచ్చిన డి పట్టా ఎకరాలెన్ని, అవి ఇప్పుడు ఎవరి సాగులో ఉన్నాయి, శ్మశానానికి దోవ ఉందా లేదా, ఈ మూడు సంగతులు రాసి తీయండి. రాతపూర్వకంగా అర్జీ పెట్టండి. రసీదు అడగండి. బహిష్కారం పెడితే అది నేరమని 2015 సవరణతో అట్రాసిటీ చట్టంలో స్పష్టంగా రాశారు. ఆ మాట ప్రతి వాడలో చదివి వినిపించండి. 1991లో మావోళ్ళకు ఆ అక్షరం లేదు. ఇప్పుడుంది. వాడుకోకపోతే అది చెదలకు మేత.

మా డిమాండ్లు దాపరికం లేనివి. చుండూరు బాధితులకు కళ్ళు మూతపడకముందే న్యాయం దక్కాలి. యజమాని సంతకంతో పని లేకుండా సాగుచేసే ప్రతి చేతికీ కార్డు, రుణం ఇవ్వాలి. అన్యాక్రాంతమైన డి పట్టా భూములు దళితులకు తిరిగి అప్పగించాలి. తెనాలి చరిత్ర రాసే ప్రతి పుస్తకంలో రక్తక్షేత్రం పేరు ఉండాలి.

అప్పటిదాకా మాకు ఇది పారిస్ కాదు. మా చెమట తాగి, మా నెత్తురు కడుక్కున్న ఊరు.

భూమి మాది! నీళ్ళు మావి! చరిత్ర మాది!

జై భీం!