తద్దినానికి 'ప్రతి ఏడాదీ' టిక్కు కొట్టమంటారా!

ఆఫీసు క్యాలెండర్లో 'రిపీట్' అని ఒక డబ్బా ఉంటుంది. రోజూ, వారానికోసారి, నెలకోసారి, ఏడాదికోసారి. లోకమంతా ఈ నాలుగింట్లో ఇమిడిపోతుందని ఎవరో తేల్చేశారు, మనమూ తలూపేశాం. నా గొడవ దాంతోనే.

మా చిత్తూరు జిల్లా కాణిపాకం బ్రహ్మోత్సవాలు వినాయక చవితి నాడు మొదలై 21 రోజులు జరుగుతాయి. ఆ చవితి 2023లో సెప్టెంబర్ 18న, 2024లో సెప్టెంబర్ 7న, 2025లో ఆగస్టు 27న వచ్చింది. 2023లో టిక్కు కొట్టినవాడు 2025లో అలారం మోగాక వెళ్తే అక్కడ పందిళ్ళు విప్పుతుంటారు! తిరుమల సంగతి మరీనూ. వైకుంఠ ఏకాదశి 2024లో అసలు రాలేదు. 2025లో జనవరి 10న ఒకటి, డిసెంబర్ 30న ఇంకొకటి. అధిక మాసం పడిన 2023లో శ్రీవారి బ్రహ్మోత్సవాలు రెండుసార్లు జరిగాయి. ఇంక 'ఏడాదికోసారి' అంటే ఏమని అర్థం?

పండగలకైతే గోడమీద క్యాలెండరుంది, అమ్మ ఫోనుంది. తద్దినానికో? ఫోన్ చేసి చెప్పే మనిషి పోయాడు కాబట్టే కదా తద్దినం! న్యూజెర్సీలో ఉండే మా తిరుపతి కుర్రాడికి ఆ రోజును గుర్తుచేయాల్సింది ఈ డబ్బానే. అది మాత్రం మరణ ధ్రువీకరణ పత్రంలో ఉన్న ఇంగ్లీషు తేదీనే పట్టుకుని ఊరేగుతుంది.

ఈ మాటంటే మనవాళ్ళే రెండు జవాబులు చెప్తారు. ఒకటి, 'ఇది ఎడ్జ్ కేసు'. ఇన్ని కోట్లమంది తిథి చూసుకునే దేశంలో ఎడ్జ్ ఎక్కడబ్బా? రెండోది, 'పంచాంగం మూఢనమ్మకం'. ముహూర్తాల మీద మీ అభిప్రాయం మీ ఇష్టం. తిథి మాత్రం శుద్ధ లెక్క: సూర్యుడికీ చంద్రుడికీ మధ్య కోణం 12 డిగ్రీలు పెరిగితే ఒక తిథి. అది 20 గంటల్లో అయిపోవచ్చు, 26 దాటి సాగొచ్చు. చాలా పండగలకి సూర్యోదయానికున్న తిథి చూస్తారు, తద్దినానికి అపరాహ్ణానికున్నది. తిథి మారే క్షణం లోకమంతటికీ ఒకటే, సూర్యోదయం మాత్రం ఊరికొకటి. అందుకే తిరుపతి పంచాంగంలో తేదీ న్యూజెర్సీలో ఒక్కోసారి కుదరదు.

స్టాండర్డు రాసేవాళ్ళకి ఇవి తెలియవని కాదు. 2009 నాటి ఆర్‌ఎఫ్‌సీ 5545 ప్రకారం 'ప్రతినెలా 31' అని రాస్తే ఏడాదికి ఏడుసార్లే మోగుతుంది, లేని తేదీని మింగేస్తుంది (అద్దె కట్టేవాళ్ళు జాగ్రత్త). 2015లో ఆర్‌ఎఫ్‌సీ 7529 వచ్చి దాన్ని సరిచేసే దారి చూపింది. చైనా నూతన సంవత్సరానికీ, యూదుల అధిక మాసానికీ కూడా చోటిచ్చింది. మనకి? 1957లో ప్రభుత్వం పెట్టిన శక క్యాలెండర్ ఉందంటారు. అది సౌరమానం, అందులో తిథే ఉండదు. యూదులు అడిగి తెచ్చుకున్నారో లేదో నాకనవసరం. మనం అడగలేదన్నది కనపడుతూనే ఉంది. ప్రపంచంలో సగం క్యాలెండర్ కోడు రాసేది మనమేనని పెళ్ళిళ్ళలో చెప్పుకుంటాం మళ్ళీ.

స్టాండర్డు మారేదాకా ఊరుకోనక్కర్లేదు. మాసం (తద్దినానికైతే చాంద్రమానం, వైకుంఠ ఏకాదశికైతే సౌరమానం ధనుర్మాసం), పక్షం, తిథి, ఉండే ఊరు, సూర్యోదయమా అపరాహ్ణమా - ఈ అయిదూ తీసుకుని స్విస్ ఎఫెమరిస్‌తో ఇరవై ఏళ్ళ తేదీలు లెక్కకట్టి, తేదీకొక ఈవెంటుగా ఐసీఎస్ ఫైల్లో పెట్టండి. ఒక్కో ఈవెంటుకీ యూఐడీ ఎప్పటికీ మారకుండా చూసుకోండి, లేకపోతే ఫైలు మళ్ళీ ఎక్కించినప్పుడల్లా ఒకే తద్దినం రెండేసి కనపడుతుంది. ఊరు మారితే ఫైలు మళ్ళీ తయారుచేయాలి. వారాంతంలో అయ్యే పని. రాశాక మొదటి టెస్టు వైకుంఠ ఏకాదశి: 2024కి సున్నా, 2025కి రెండు రావాలి.