మెరక, పల్లం, పలక

నేను ముప్పైయేళ్ళకు పైగా బడిలో తెలుగు పాఠం చెప్పి విశ్రాంతి తీసుకుంటున్నవాణ్ణి. సంధులూ సమాసాలూ నా సొత్తు. కొండలూ లోయలూ నా అధికార పరిధిలోనివి కావు. అయినా ఈ టపా భూగోళ పాఠం గురించే. ఆ పాఠంపై నా అభియోగం తిరిగి తిరిగి భాష దగ్గరకే వచ్చి నిలుస్తోంది గనుక ఈ మాత్రం చొరవ క్షంతవ్యమని తలుస్తాను.

తొంభైల నాటి మాట. సాంఘికశాస్త్ర ఉపాధ్యాయులు సెలవులో ఉంటే ఆ పీరియడు నాకు అప్పగించారు. పాఠం సమోన్నత రేఖలు. పుస్తకంలో శంఖాకారపు కొండ ఒకటి, దానికింద ఒకదానిలో ఒకటి ఇమిడిన వలయాలు. సముద్రమట్టం నుండి సమానమైన ఎత్తులో ఉన్న చోట్లను కలిపే రేఖ సమోన్నత రేఖ. రేఖలు దగ్గరగా ఉంటే ఏటవాలు, ఎడంగా ఉంటే సమతలం. నల్లబల్లమీద గీసి చూపించాను. లంకగ్రామం నుండి పడవమీద వచ్చే కుర్రవాడొకడు లేచి, "మా ఊరు గీస్తే ఎన్ని గీతలొస్తాయండీ మేష్టారూ?" అని అడిగాడు. నావద్ద సమాధానం లేదు.

తరువాత కొంతకాలానికి సర్వే ఆఫ్ ఇండియా వారి పటమొకటి చూసే అవకాశం కలిగింది. యాభైవేలకు ఒకటి నిష్పత్తిలో గీసే ఆ పటాలలో సాధారణంగా ఇరవై మీటర్లకొక రేఖ. పాపికొండల దగ్గర ఆ రేఖలు ఒకదానినొకటి ఒరుసుకుంటూ నల్లగా చిక్కబడతాయి. పోలవరం దాటగానే విడిపోతాయి. ధవళేశ్వరం దిగువన, గోదావరి గౌతమీ వసిష్ఠలుగా చీలిన తరువాత, ఇక రేఖలే లేవు. ధవళేశ్వరం నుండి సముద్రం దాకా నేల దిగే ఎత్తంతా కలిపి ఇరవై మీటర్లు లేదు. అంటే కోనసీమ మొత్తం ఒక రేఖకూ దాని తరువాతి రేఖకూ మధ్యనున్న ఖాళీలో ఇమిడిపోయింది! ఆ కుర్రవాడి ప్రశ్నకు జవాబు సున్న.

పటం అబద్ధమాడలేదు. అది కొలిచినంత మేర నిజమే చెప్పింది. అయితే మా సీమలో బతుకూ చావూ ఇరవై మీటర్లలో లేవు. రెండు మూడు అడుగులలో ఉన్నాయి. ఆ అడుగులను కొలిచే పరికరం మరొకటి మావద్ద ఉంది. అది తెలుగు భాష. మెరక, పల్లం, లంక, తిప్ప, దిబ్బ, పర్ర, పాయ, మొగ, మేట, గట్టు, పుంత. వీటిలో ప్రతి మాటా ఒక భూస్వరూపం. ఎదుర్లంక, బొబ్బర్లంక అనే ఊరి పేర్లలోనే భూగోళ పాఠం ఉంది.

ఈ మాట పాండిత్యాభిమానంతో అంటున్నది కాదు. 1986 ఆగస్టు వరద నాకిది నేర్పింది. భద్రాచలం వద్ద నీటిమట్టం 75.6 అడుగులు తాకిన ఏడు అది. అప్పటికి కొత్తగా ఉద్యోగంలో చేరిన నేను, ఏటి ఒడ్డున ఉన్న మా మేనమామగారి ఊళ్ళో ఉన్నాను. నీరు పెరుగుతోందనగానే, ఏటికి వీలైనంత దూరంగా, చేలవైపు పోదామని నేను తొందరపెట్టాను. నది నుండి దూరం పోవడమే క్షేమమని నా చదువు చెప్పింది. ఆయన కదలలేదు. "ఒరే అబ్బాయ్, ఏటిపక్కనుండేదే మెరక. ఎనక్కి పోయేకొద్దీ పల్లం. నీళ్ళు ముందు నిండేది నువ్వు పోదామంటున్న చోటే" అన్నారు. గొడ్లనూ మనుషులనూ ఊరి దిబ్బమీదికి చేర్చారు. తెల్లవారేసరికి నేను వెళదామన్న చేలలో నిలువెత్తు నీరు.

ఆయన చెప్పినదానికి శాస్త్రం ఉందని చాలాకాలానికి తెలిసింది. పొంగిన నది ఒడ్డు దాటగానే వేగం తగ్గి, బరువైన ఇసుకను అక్కడే దింపుతుంది. తేలికైన ఒండ్రు దూరం పోయి పల్లంలో దిగుతుంది. ఏటేటా జరిగే ఈ పనివల్ల నది తన ఒడ్డును తానే ఎత్తు చేసుకుంటుంది. పుస్తకాలలో దీనిని సహజ కరకట్ట అంటారు. ఆ మాట పరీక్షలో రాయగల పిల్లవాడు, ఊరిపక్క మెరకను చూసి అది ఇదేనని పోల్చుకోలేకపోతే ఆ చదువు ఎవరికి?

కోనసీమలో తీరానికి సమాంతరంగా సాగే ఇసుక మెరకలూ అటువంటివే. ఊళ్ళూ కొబ్బరితోటలూ వాటిమీద, వరిచేలు వాటి నడుమ. అవి ఒకప్పటి సముద్రపుటొడ్డులు. కొన్నివేల ఏళ్ళుగా గోదావరి తెచ్చిన ఒండ్రుతో తీరం ముందుకు జరిగిన గుర్తులు. నేడు ఎగువ ఆనకట్టల వెనుక ఒండ్రు ఆగిపోతోంది. ఉప్పాడ వద్ద సముద్రం ఊరిని కోస్తోంది. ఇది మన పిల్లలకు పరాయి దేశపు పాఠమా?

ఇక పలకలు. బడికి పోయే పిల్లవాడు మొదట చేతపట్టేది పలక. పై తరగతిలో అదే మాట భూమి పైపెంకు ముక్కకు పేరవుతుంది. ఈ పాఠం మొదలయ్యేది ఎక్కడో పసిఫిక్ అగ్నివలయంతో. రాజమహేంద్రవరం పొలిమేరలోని కాతేరు, కొవ్వూరు దగ్గరి పంగిడి క్వారీలలో నల్లరాయి ఉంది. సుమారు 6.6 కోట్ల ఏళ్ళనాడు దక్కనులో ఉబికిన లావా, పడమటినుండి వందల కోసులు పారి ఇక్కడికి చేరిందనీ, భూమిమీద అతిదీర్ఘమైన లావా ప్రవాహాలలో ఇదొకటనీ శాస్త్రజ్ఞుల అభిప్రాయం. లావా పొరల నడుమ గవ్వలున్న సున్నపురాయి. తూర్పుకనుమలకు ఒకనాటి పొరుగు అంటార్కిటికా. సుమారు 13 కోట్ల ఏళ్ళ క్రితం ఆ రెండూ విడిపోగా ఏర్పడిన అంచే మన తీరం.

పలకల సరిహద్దు మన కిందలేదు. అది అండమాన్, సుమత్రాల వద్ద ఉంది; అక్కడ భారత పలక బర్మా పలక కిందికి దూరుతోంది. సరిహద్దు దూరం గనుక మనకు భయం లేదనుకోవడమూ పొరపాటే. గోదావరి లోయ వెంట పాత పగులు ఒకటి ఉంది. సింగరేణి బొగ్గు దాని ఒడిలోనిదే. 1969 ఏప్రిల్ 13న భద్రాచలం ప్రాంతంలో 5.7 తీవ్రతతో, 2024 డిసెంబరు 4న ములుగు వద్ద 5.3 తీవ్రతతో భూమి కంపించింది.

2004 డిసెంబరు 26, ఆదివారం. ఉదయం ఆరున్నర ప్రాంతంలో సుమత్రా వద్ద సముద్రగర్భం కదిలింది. మన తీరానికి అల చేరడానికి రెండు గంటలకు పైగా పట్టింది. ఆ రెండు గంటలూ ఎవరికీ ఏమీ తెలియలేదు. రాష్ట్రంలో నూరుమందికి పైగా పోయారు. మరునాడు తరగతిలో పిల్లలు, "గాలీ వానా లేకుండా ఉప్పెనెలా వచ్చిందండీ?" అని అడిగారు. 1839లో కోరంగిని, 1977లో దివిసీమను ముంచిన ఉప్పెన మనవారికి తెలుసు. అది తుపానుగాలి తోసుకొచ్చే నీరు. ఈ నీటిని తోసింది గాలి కాదు, పలక. ఉప్పెనకు ఆకాశం ముందుగా చెబుతుంది, సునామీకి చెప్పదు. ఒక్కోసారి సముద్రం వెనక్కి పోవడమే దాని ఏకైక హెచ్చరిక. అప్పుడు గవ్వలేరడానికి ముందుకు కాదు, మెరకకు పరుగెత్తాలి. 2007 అక్టోబరు నుండి హైదరాబాదులోని ఇన్‌కాయిస్ సునామీ హెచ్చరికలు ఇస్తోంది, సంతోషం. కానీ ఆ హెచ్చరిక వినగానే ఎటు పోవాలో తెలియడానికి తమ ఊరి మెరక ఎక్కడో తెలిసి ఉండాలి కదా.

పారిభాషిక పదాలు వద్దని నేననడం లేదు. సహజ కరకట్ట అనే మాట లేకుంటే మా మేనమామగారి ఎరుక ఆ ఊరితోనే ఆగిపోయేది. అది మిసిసిపీకీ వర్తిస్తుందని తెలిసేది కాదు. ఆయన మాట లేకుంటే ఆ పదం కాగితంమీద అచ్చుగానే మిగిలేది. రెండూ పక్కపక్కన నిలవాలి. ఉపాధ్యాయుడు చేయవలసిన సంధి ఇదొక్కటే.

చేయడానికి పెద్ద ఖర్చు లేదు. తీరప్రాంతపు వివరమైన పటాలు సామాన్యులకు అందని రోజులుండేవి. 2021 మార్గదర్శకాల తరువాత ఆ కట్టుబాట్లు చాలా సడలాయి. ప్రతి ఉన్నత పాఠశాలలో ఆ ఊరి పటం గోడకు తగిలించాలి. గీతలు లేని ఆ ఖాళీలో పిల్లలే పెద్దలనడిగి మెరకలూ పల్లాలూ రాయాలి. 1986లో నీరెక్కడిదాకా వచ్చిందో, 2022 జులైలో ఎక్కడ ఆగిందో గుర్తించాలి. ఆ సంగతి చెప్పగల ముసలివారు ఏడాదికేడాది తగ్గిపోతున్నారు. మా మేనమామగారు ఇప్పుడు లేరు.

ఆ లంక కుర్రవాడికి నేను ఆనాడు చెప్పవలసిన సమాధానం ఇది: "గీతలేమీ రావు నాయనా. అందుకని మీ ఊరిని నువ్వే గీయాలి."