రోటి పాఠం, రొట్టె పాఠం

ప్రయాణాలలో వంట నేర్చుకోవడం డబ్బున్నవారి సరదా అని కొందరంటారు. నేనొప్పుకోను. థాయిలాండులోని చియాంగ్ మాయిలో వంట పాఠం తరచూ అంగడిలో మొదలై రోటి దగ్గరకు చేరుతుంది. ఎండుమిరప, నిమ్మగడ్డి, దుంపరాష్ట్రకం యాత్రికుడి చేతనే దంచిస్తారు. మిక్సీ కోస్తుంది, రోకలి పీచును నలిపి నూనెలను విడిపిస్తుంది. ఆ తేడా పుస్తకంలో దొరకదు, చేతికే తెలియాలి.

కామారెడ్డి జిల్లాలోని మా బీబీపేట జొన్నరొట్టె కూడా అంతే. పిండిలో వేడినీళ్ళు ఎన్ని పోయాలో చెప్పవచ్చు, అంచు పగలకుండా కొట్టడం మాటల్లో చెప్పలేం. జొన్నలో గోధుమకున్న జిగురు లేదు కనుక ఆ భారమంతా అరచేతిదే. ఆ అరచేతులు ముసలివైపోతున్నాయి. అక్కడ పరాయివారికి నేర్పుతున్నదాన్ని మనం కన్నపిల్లలకైనా నేర్పవద్దా? మీ ఇంట ఇలా చేతిలోనే మిగిలిన వంట ఏదో మీరూ రాయండి.