చక్రం మూలిగితే పాట సౌండు పెంచొద్దు



ఈసారి పంట సంగతి కాదు, కారు సంగతి రాస్తాండా. రైతుకు కారు ముచ్చట ఎందుకు అనొద్దండి. మన చిలమకూరులో ఎన్ని ఇండ్ల ముందర పాత మారుతీలు, ఓమ్నీలు నిలబడి ఉండాయో మీకే తెలుసు. ఎర్రగుంట్లలో రైలు ఎక్కాలన్నా, పులివెందులకు పెండ్లికి పోవాలన్నా, రాత్రిపూట ఎవరికైనా బాగాలేకపోతే ప్రొద్దుటూరు ఆసుపత్రికి ఉరకాలన్నా ఆ బండ్లే దిక్కు.

నేను చెప్పేది రెండు మాటలే. చక్రం బేరింగు శబ్దం మొదలైతే వాయిదా వేయొద్దు. మార్పించేటప్పుడు సుత్తితో కొట్టించొద్దు. ఈ రెండు తప్పులూ నేను చేసినా, అందుకే రాస్తాండా.

నాది మారుతి 800. ఆ బండి 1983 డిసెంబరులో మొదలై 2014 జనవరిలో ఆగిపోయింది. నాది ఆఖరి సంవత్సరాలది, ఇంకొకరి చేతిలో తిరిగి నా దగ్గరికి వచ్చింది. పోయిన ఏడాది శనగ కోతలప్పుడు, నలభై స్పీడు దాటితే చాలు 'ఊ...' అని ఒకటే రొద. టైర్లు అరిగినాయేమోలే అనుకున్నా. మా పిల్లోడు పాటల సౌండు పెంచినాడు. రొద వినపడలేదు. వినపడకపోతే పోయినట్టే అనుకుని రెండు నెలలు తిప్పినాం.

ఒకరోజు తెల్లవారుజామున పక్కింటి పెద్దాయనకు గుండెలో నొప్పి వచ్చింది. ఆయన్ను, ఆయన కొడుకును ఎక్కించుకుని ప్రొద్దుటూరుకు బయలుదేరినా. ఎర్రగుంట్ల దాటినాక ముందు ఎడమ చక్రం దగ్గర గరగరమని మొదలైంది. స్టీరింగు వణుకుతాంది. బ్రేకు తొక్కితే పెడలు లోపలికి దిగిపోయింది. రెండోసారి తొక్కితే గానీ బండి ఆగలేదు. దిగి చూస్తే హబ్బు చేయి పెట్టనీయనంత కాలిపోతాంది, చక్రం చేత్తో కదిలిస్తే ఊగుతాంది.

108కు ఫోన్ చేసినాం. ఈలోపు ఒక ఆటో వస్తే దాంట్లో ఎక్కించి పంపినాం. దేవుడి దయ, పెద్దాయన ఇప్పుడు బాగుండాడు. కానీ ఆటో వచ్చేదాకా రోడ్డు పక్కన నిలబడిన ఆ ఇరవై నిమిషాలు నేను మర్చిపోలేను. ఆయన కొడుకు నన్ను ఒక్క మాట అనలేదు. అనింటే బాగుండు అనిపించింది.

ఇంక రెండో తప్పు. సాయంత్రానికి బండి కావాలని మెకానిక్‌ను తొందర పెట్టినా. ప్రెస్ ఉన్న షాపుకు తీసుకపోవాల, రేపటికి అవుతుంది అన్నాడు. అంత సేపు ఎందుకప్పా, కొట్టి దించేయ్ అన్నది నేనే. కొట్టి దించినాడు. నాలుగు నెలలకు మళ్లీ అదే రొద. నేను మెకానిక్‌ను తిట్టుకున్నా గానీ, సుత్తి అతని చేతికి ఇచ్చింది నా తొందరే.

సుత్తి దెబ్బకు ఏమవుతుందో చెప్తా. బేరింగు అంటే రెండు ఉక్కు రింగులు, మధ్యలో గుండ్లు, కొంచెం గ్రీజు. బయటి రింగు నకిల్‌లో బిగుతుగా కూర్చుంటుంది, లోపలి రింగులో హబ్బు దిగుతుంది. బేరింగును నకిల్‌లోకి దించేటప్పుడు బయటి రింగు మీదనే ఒత్తిడి పెట్టాల. హబ్బును దించేటప్పుడు లోపలి రింగుకు కింద ఆధారం ఉండాల. ఇది తప్పి కొడితే ఆ దెబ్బంతా గుండ్ల మీదుగా పోతుంది. గుండ్లు తిరిగే దారిలో కంటికి కనపడనంత గుంటలు పడతాయి. కొత్త బేరింగు పెట్టిన రోజే దానికి ఆయుష్షు తీరిపోయినట్టు.

మన నాయనల కాలంలో ఇరుసుకు కందెన వేయకుండా ఎద్దులబండి కట్టేవాళ్లు కాదు. ఆముదంలో గడ్డి మసి కలిపి పూసేవాళ్లు. బండి కిర్రుమంటే ఎద్దుల మెడ మీద బరువు పడతాందని వాళ్లకు తెలుసు. ఎద్దులు నోరు లేనివైనా బాధ కనపడుతుంది. కారుకు ఆ శబ్దం ఒక్కటే నోరు. దాన్నే మనం పాటలతో మూస్తాండాం.

శబ్దం బేరింగుదేనా, టైరుదా అని చూసుకునే పద్ధతి మెకానిక్ దగ్గర నేర్చుకున్నా. ఖాళీ రోడ్డు మీద, బండి పోతా ఉండంగానే ఒక్క క్షణం న్యూట్రల్ చేయండి. ఇంజను చప్పుడు తగ్గినా రొద తగ్గలేదంటే అది చక్రాల దగ్గరిదే. తర్వాత స్టీరింగు కొంచెం కుడికి తిప్పండి. అప్పుడు బరువు ఎడమ చక్రాల మీద పడుతుంది. రొద పెరిగితే అనుమానం ఎడమ బేరింగు మీద. ఎడమకు తిప్పినప్పుడు పెరిగితే కుడిది. తారు రోడ్డు మీద ఒక రకంగా, సిమెంటు రోడ్డు మీద ఇంకో రకంగా వినపడితే టైరు కావచ్చు. టైర్లు ముందువి వెనక్కి మార్చి చూడండి, శబ్దం కూడా వెనక్కి పోయిందంటే టైరుదే. బాగా మలుపు తిప్పినప్పుడు మాత్రమే టకటకమంటే బేరింగు కాదు, డ్రైవ్ షాఫ్టు జాయింటు.

ఆ తర్వాత జాకీ ఎత్తి, చక్రాన్ని పైన ఒక చేత్తో కింద ఒక చేత్తో పట్టి ఊపండి. లూజు ఉంటే తెలుస్తుంది. అయితే లూజు లేనంత మాత్రాన బాగున్నట్టు కాదు. స్ప్రింగు మీద చేయి పెట్టి ఇంకొకరిని చక్రం తిప్పమనండి. గరుకు చేతికి తగులుతుంది. మనకు ఇండ్ల ముందర నాపబండలు కదా, వాటి మీద నేరుగా జాకీ పెట్టొద్దు, బండ పగిలిందంటే బండి మీద పడుతుంది. మందం చెక్క వేయండి, మిగతా చక్రాలకు రాళ్లు అడ్డం పెట్టండి, ఉత్త జాకీని నమ్మి బండి కిందికి దూరొద్దు.

షాపులో మీరు దగ్గర ఉండి చూసుకోవాల్సినవి కొన్ని ఉండాయి. యాక్సిల్ నట్టు విప్పినాక బండిని కింద దించి నెట్టకూడదు, ఉన్న బేరింగు కూడా చెడుతుంది. పాత బేరింగు తీసినాక నకిల్ లోపల శుభ్రంగా తుడిపించండి. అక్కడ అరిగి బేరింగు చేత్తోనే దిగిపోతాంటే ఆ నకిల్ పనికిరాదు. ఆయిల్ సీలు, లాకు రింగు, యాక్సిల్ నట్టు కొత్తవే వేయించండి. పాత సీలుతో మిగిలేది కొన్ని రూపాయలు, లోపలికి పోయేది మన రోడ్ల దుమ్ము. నట్టును కంపెనీ చెప్పినంతే టార్క్ రెంచితో బిగించాల. సీలు వేసి వచ్చిన బేరింగు అయితే దాన్ని విప్పి గ్రీజు పెట్టొద్దు. పాతదాని మీద నంబరు చూసి, బిల్లు ఇచ్చే షాపులో కొనండి.

ట్రాక్టరు ముందు చక్రాలు, ట్రాలీ చక్రాల లెక్క వేరు. వాటిలో టేపర్ బేరింగులు ఉంటాయి. కడిగి, గ్రీజు నింపి, నట్టు సరిచేసి, స్ప్లిట్ పిన్ను వేసుకుంటే మళ్లీ నడుస్తాయి. కారులో ఒత్తి కూర్చోబెట్టే బేరింగుకు ఆ రిపేరు లేదు, మార్చాల్సిందే.

ఇంకొక సంగతి. స్వీడన్‌లో వింగ్‌క్విస్ట్ అని ఒకాయన బట్టల మిల్లులో యంత్రాలు చూసుకునేవాడట. బేరింగులు ఊరికే పోతాండాయి. మార్చుకుంటా కూర్చోకుండా ఎందుకు పోతాండాయని చూసినాడు. మిల్లు కింద బంకమట్టి కదిలి షాఫ్టులు వంకర పోతాండాయని తెలిసింది. షాఫ్టు కొంచెం వంగినా తట్టుకునే బేరింగును 1907లో ఆయనే తయారు చేసినాడు. ఎస్‌కేఎఫ్ కంపెనీ అట్లా పుట్టింది. నల్లరేగడిలో గోడలు నెర్రెలు ఇచ్చేది చూసిన మనకు ఆ బాధ తెలియనిది కాదు. నేను చెప్పేది, బేరింగు పోతే ఎందుకు పోయిందో కూడా అడగండి. నీళ్లలో దించినామా, గుంతలో దబీమని వేసినామా, సీలు చినిగిందా? కారణం అట్లనే ఉంటే కొత్తది కూడా ఆ దారిలోనే పోతుంది.

పాత బండికి అంత ఖర్చు దండగ అంటారు కొందరు. నా బండికి బేరింగు ధర ఒక డిఏపి బస్తా ధరకు లోపలే. కూలీ, ప్రెస్ ఖర్చు కలిపినా, నేను రెండుసార్లు పెట్టుకున్నదాని కంటే తక్కువే అయ్యేది. శబ్దం ఉండంగానే ఎవరికో అమ్మేద్దాం అంటారు ఇంకొందరు. కొనేది కూడా మనలాంటి రైతే కదన్నా, వాని పిల్లలు కూడా దాంట్లోనే కూర్చుంటారు.

రెండు పక్కలా మార్చాలా అని అడుగుతారు. నా మాట, పోయిందాన్నే మార్చండి, రెండోదాన్ని మాత్రం ఊపి, తిప్పి చూపించండి.

రెండోసారి నేను బండిని రాత్రి షాపులోనే వదిలి బస్సులో ఇంటికి వచ్చినా. ప్రెస్‌లో పెట్టి దించినారు. అప్పటినుంచి చప్పుడు లేదు. మొన్న పక్కింటి పెద్దాయన ఆసుపత్రికి చూపించుకోను పోవాలని మళ్లీ నా బండే అడిగినాడు. బయలుదేరే ముందు నాలుగు చక్రాలూ ఎత్తి చూసినా. ఆయన అరుగు మీద కూర్చుని, ఏమీ అనకుండా చూస్తా ఉన్నాడు.

ఈ రాత్రి మీరు ఇంటికి పోయేటప్పుడు ఒక్కసారి పాటలు ఆపి, అద్దాలు దించి, బండి చప్పుడు వినండి.